పాఠకుల ప్రశ్నలు: బండి మీద మాట వినపడాలంటే

చలి మొదలయ్యేసరికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మోటార్‌సైకిళ్ల గుంపులు రోడ్డెక్కుతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి: ప్రయాణంలో ఒక బండి మీదివాళ్లు మరో బండి వాళ్లతో మాట్లాడాలంటే ఏ రేడియో కొనాలి? వైర్‌లెస్ సెట్లు బాగుచేయడంలోనే ఒంగోలులో నా ఉద్యోగ జీవితం గడిచింది. బండి మీద తిరగడం అంతకంటే పాత అలవాటు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము ఎనిమిది మంది మిత్రులం. కందుకూరు, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం. అడవిలో ఫోను సిగ్నల్ సరిగా ఉండదంటున్నారు. వాకీటాకీలు కొనాలా, హెల్మెట్‌కు తగిలించే ఇంటర్‌కమ్ కొనాలా? దేనికి ఎక్కువ దూరం వస్తుంది? — ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఉత్తరాలు రాసిన అందరూ దూరం గురించే అడిగారు. నేను మాత్రం ముందు వేరే విషయం అడుగుతాను. మీరు రోడ్డు మీద ఏం చెప్పుకోవాలి? "కుడివైపు గుంత", "ఎదురుగా బస్సు, దాటొద్దు", "చివరి బండి ఆగింది", "పెట్రోలు కొట్టించాలి". అన్నీ రెండు మూడు మాటలే. ఆ మాటలు వెంటనే చేరాలి, గాలి హోరులోనూ అర్థం కావాలి, చెప్పేవాడి చెయ్యి హ్యాండిల్ వదలకూడదు. ఈ మూడూ కుదరని సెట్టుకు పది కిలోమీటర్ల దూరం వచ్చినా మీకు పనికిరాదు.

ఇప్పుడు రెండు రకాల సంగతి చూద్దాం. హెల్మెట్ ఇంటర్‌కమ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ఫోనులో లాగే ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు, బటన్ నొక్కే పని లేదు. పాత బ్లూటూత్ రకంలో బండ్లు వరసగా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మధ్యలో ఒకరు టీ కోసం ఆగారంటే అవతలివాళ్లతో మాట తెగిపోతుంది. కొత్తగా వచ్చిన మెష్ రకంలో ఆ ఇబ్బంది లేదు. ఒకరు తప్పుకుంటే మిగిలిన సెట్లు తమంతట తాము దారి వెతుక్కుంటాయి, తప్పుకున్నవారు తిరిగి దగ్గరికి రాగానే కలుపుకుంటాయి. కార్డో కంపెనీ మెష్‌లో 15 మంది దాకా, సేనా కంపెనీ గ్రూప్ మెష్‌లో 24 మంది దాకా చేరవచ్చు. అయితే ఒక కంపెనీ మెష్ మరో కంపెనీ మెష్‌తో కలవదు. వాటి మధ్య మామూలు బ్లూటూత్ సంబంధం మాత్రమే కుదురుతుంది. కాబట్టి ఎనిమిది మందీ ముందే కూర్చుని, ఒకే కంపెనీవి కొనాలని నిర్ణయించుకోండి. తలా ఒకటి తెచ్చుకున్నాక కలపడానికి కుస్తీపడటం వృథా.

మీ గుంపు పొడవెంతో లెక్క వేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళుతుంది. ముందు బండికి రెండు సెకన్ల ఎడం పాటిస్తే అది 33 మీటర్లు. ఎనిమిది బండ్లకు మధ్యలో ఏడు ఖాళీలు, అంటే మొదటి బండి నుంచి చివరి బండి దాకా దాదాపు పావు కిలోమీటరు. మెష్ సెట్ల మీద రాసే కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు అనే అంకెలు ఎదురుబొదురుగా, మధ్యలో ఏ అడ్డూ లేనప్పటివి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కొన్ని వందల మీటర్లే వస్తాయి. అయినా ఒద్దికగా నడిచే గుంపుకు అది చాలు. పైగా మధ్యలోని బండ్లు మాటను అందిపుచ్చుకుంటాయి.

చిక్కంతా గుంపు తెగినప్పుడు వస్తుంది. పొదిలి దాటాక వరస లారీలు మధ్యలో దూరితే ముందు నలుగురూ వెనక నలుగురూ విడిపోతారు. ఎడం రెండు మూడు కిలోమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చేతులెత్తేస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీకి చెట్ల ఆకుల్లోని తడి కూడా అడ్డే. అందుకే ముందు బండికి ఒకటి, చివరి బండికి ఒకటి చొప్పున 446 మెగాహెర్ట్జ్ వాకీటాకీలు పెట్టమంటాను. ఇవి అర వాటు సెట్లు. అన్నిటికీ ఒకే ఫ్రీక్వెన్సీల పట్టిక ఉంటుంది కాబట్టి కంపెనీలు వేరైనా కలుస్తాయి.

మరి దూరం? చదునైన నేల మీద, భుజం ఎత్తులో ఉన్న రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి "కనిపించే" దూరం లెక్క ప్రకారం దాదాపు 10 కిలోమీటర్లు. కావలి పక్కన రొయ్యల చెరువుల గట్ల మీద, చుట్టూ ఏమీ అడ్డు లేని చోట, అర వాటు సెట్టు అందులో కొంత భాగమైనా సాధిస్తుంది. అదే సెట్టు కందుకూరు అవతల జామాయిలు, సుబాబుల్ తోటల మధ్య కిలోమీటరు, కిలోమీటరున్నర ఇస్తే మంచి సెట్టు అనుకోవాలి. కొండ అడ్డు వస్తే అరకిలోమీటరుకే మూగపోవచ్చు. పెట్టె మీది అంకె శిఖరం నుంచి లోయలోకి మాట్లాడినప్పటిది. మీ దారికి దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మంచి మెష్ సెట్టు ఒక్క హెల్మెట్‌కే ఇరవై వేలు దాటుతుంది. ఎనిమిది మందికీ అంత పెట్టలేకపోతే నిస్సంకోచంగా మెష్ మానేయండి. ముందు, మధ్య, చివరి బండ్లకు మూడు వాకీటాకీలు, వాటికి సరైన హెడ్‌సెట్లు కొనండి. నడిపించేవాడికీ వెనక కాచుకునేవాడికీ మధ్య మాట ఉంటే గుంపు తెగదు.

దోర్నాల నుంచి శ్రీశైలం దాకా దాదాపు 50 కిలోమీటర్లు పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. రేడియో ఉంది కదా అని చీకటి పడ్డాక దోర్నాల చేరేలా ప్రయాణం పెట్టుకోకండి. మాట తెగితే ఎక్కడ ఆగి కలుసుకోవాలో బయలుదేరే ముందే అందరూ అనుకోవాలి. సెట్టు ఉన్నా ఆ ఒప్పందం ఉండి తీరాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చైనా సెట్టు చూశాను. 5 వాట్లు, రెండు బ్యాండ్లు, ఏ ఫ్రీక్వెన్సీ అయినా పెట్టుకోవచ్చట. 446 సెట్టు కంటే చవక కూడా. అమ్మేవారు లైసెన్సు అక్కర్లేదంటున్నారు. మా గుంపుకు నాలుగు తెప్పించమంటారా? — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పగలిగితే అంత గట్టిగా చెబుతున్నాను.

చట్టం నుంచే మొదలుపెడతాను. మన దేశంలో వాకీటాకీలకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చిన్న ముక్కకు 2018 నిబంధనలు లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చాయి. ఆ మినహాయింపు కూడా తక్కువ శక్తి సెట్లకే, అదీ ఈటీఏ అనే ఆమోదం పొందిన నమూనాలకే. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఆ ఆమోదం ఇస్తుంది. మీరు చూసిన సెట్టు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా, 400 నుంచి 480 లేదా 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ప్రసారం చేస్తుంది. లైసెన్సు లేకుండా వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. ఇలాంటి సెట్లను ఆన్‌లైన్ దుకాణాలు విచ్చలవిడిగా అమ్ముతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత మార్గదర్శకాలు కూడా వచ్చాయి. వాటి ప్రకారం సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, దానికి లైసెన్సు కావాలో అక్కర్లేదో, ఈటీఏ ఉందో లేదో అమ్మకం పేజీలోనే చెప్పాలి. అవి రాయని పేజీ నుంచి ఏదీ కొనకండి. అమెరికాలో మామూలుగా దొరికే 462, 467 మెగాహెర్ట్జ్ సెట్లను బంధువులు తెచ్చిపెడుతుంటారు. వాటికీ ఇక్కడ మినహాయింపు లేదు.

నాకు చట్టం కంటే ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. మనది సముద్రతీరం. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లు పిలిచే ఛానెల్ 16 ఫ్రీక్వెన్సీ 156.8 మెగాహెర్ట్జ్. అది మీరు చూసిన సెట్టు పరిధి నడిమధ్యలో ఉంది. జువ్వలదిన్నె నుంచి, కొత్తపట్నం నుంచి వేటకు వెళ్లే పడవల్లో ఈ పరిధిలో పనిచేసే వీహెచ్‌ఎఫ్ సెట్టు ఉంటే ఆ ఛానెల్ వింటుంటారు. కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడలూ వింటాయి. తీరం వెంట బండి మీద పోతూ ఎవరో సరదాగా అంకెలు మార్చి, బటన్ నొక్కి పాటలు వినిపించారనుకోండి. ఈ సెట్లు పనిచేసే ఎఫ్ఎం పద్ధతిలో బలమైన ప్రసారం బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. దూరాన ఇంజను ఆగిపోయిన పడవ పిలుపు ఒడ్డునున్న సెట్టుకు వినపడదు. పిలిచినవాడికి తన మాట అందలేదని కూడా తెలియదు. పోలీసు, అగ్నిమాపక సేవలకూ ఈ పరిధుల్లో ఫ్రీక్వెన్సీలు కేటాయిస్తారు. మీకు చెడు ఉద్దేశం లేకపోవచ్చు. మీ చేతిలోని సెట్టుకు ఆ తేడా తెలియదు.

ఇక ఆ 5 వాట్ల ఆశ. శక్తి పది రెట్లు పెరిగితే దూరం పది రెట్లు పెరగదు. నేలకు దగ్గరగా, బండి మీద ఉన్న యాంటెన్నాల మధ్య అది రెట్టింపు కూడా కాదు. కొండ అడ్డు వస్తే అర వాటూ ఐదు వాట్లూ కొంచెం ముందూ వెనకగా ఆగిపోతాయి. అదే డబ్బు హెడ్‌సెట్ మీద పెడితే ఫలితం చెవికి తెలుస్తుంది.

ఈ సందర్భంలోనే మరో మాట. చాలా సెట్ల మీద "ప్రైవసీ కోడ్" అని ఉంటుంది. అది మీ మాటలను ఎవరికీ వినపడకుండా దాచదు. వేరేవాళ్ల మాటలు మీ స్పీకరులోకి రాకుండా ఆపుతుంది, అంతే. కోడ్ పెట్టుకున్నాం కదా అని ఎవరి దగ్గర డబ్బుందో, రాత్రి ఎక్కడ బస చేస్తామో రేడియోలో చెప్పుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి కాలేజీకి కొత్తగా స్కూటర్ మీద వెళుతోంది. కొన్నాళ్లు నేను నా స్కూటర్ మీద వెనకే వెళ్లాలనుకుంటున్నాను. ఇద్దరం మాట్లాడుకోవడానికి ఏది కొనాలి? — ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీకు మెష్ అక్కర్లేదు, వాకీటాకీ అసలే వద్దు. ఇద్దరికీ ఒకే నమూనా మామూలు బ్లూటూత్ ఇంటర్‌కమ్ జత చాలు. ట్రంకు రోడ్డు రద్దీలో మీరిద్దరూ వంద మీటర్లకు మించి విడిపోరు. జత చేసే పని ఇంట్లోనే చేసి, వీధి చివర దాకా నడిచి చూసుకోండి.

ఒక విన్నపం. అమ్మాయి బండి నడుపుతుండగా "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ ఉండకండి. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు చెవిలో ఎడతెగని మాట ఉంటే కళ్లు పనిచేయవు. మలుపుకు చాలా ముందే, ఒకే వాక్యంలో చెప్పండి: "వచ్చే సిగ్నల్ దగ్గర ఎడమవైపు." మిగతాది ఇంటికి వచ్చాక మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: 446 సెట్లూ వాటితోపాటు వచ్చిన ఇయర్‌ఫోన్లూ వాడుతున్నాం. ఆగి ఉన్నప్పుడు బ్రహ్మాండంగా వినపడుతుంది. వేగం 50 దాటితే గాలి హోరు తప్ప ఏమీ లేదు. సెట్లు మార్చాలా? — ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: సెట్లు మార్చకండి. మీ సెట్లలో లోపం లేదు. నన్నడిగితే సెట్టుకు పెట్టిన డబ్బులో సగమైనా హెడ్‌సెట్‌కు పెట్టాలి. ఈ ఒక్క సలహా అందరూ పాటిస్తే నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు రావు.

పెట్టెతోపాటు వచ్చే ఇయర్‌ఫోను కాపలాదారులకు, పెళ్లి పందిళ్లలో తిరిగేవాళ్లకు చేసినది. దాని మైకు చొక్కా కాలరు మీద వేలాడుతుంది. బండి మీద ఆ చోటు గాలికి ఎదురు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపలే గాలి చప్పుడు 90 డెసిబెల్స్ పైన ఉంటుంది. బయట వేలాడే మైకుకు గాలి తప్ప ఇంకేం వినపడుతుంది?

మోటార్‌సైకిల్ కోసమే చేసిన హెల్మెట్ హెడ్‌సెట్ కొనండి. ముఖమంతా మూసే హెల్మెట్ అయితే గడ్డం కమ్మీ లోపల అంటించే బొత్తాం మైకు, ముఖం తెరిచి ఉండే హెల్మెట్ అయితే వంగే కాడ ఉన్న మైకు తీసుకోవాలి. మైకు పెదవులకు వేలెడు దూరంలో, నోటికి సూటిగా ఉండాలి. దాని మీద స్పాంజి తొడుగు తప్పకుండా ఉంచండి. అది చిరిగినా ఊడినా వెంటనే కొత్తది వేయండి. మైకులకు ఒకవైపే వినే గుణం ఉంటుంది. కొన్నిటి మీద నోటివైపు ఉండాల్సిన భాగానికి చిన్న గుర్తు కూడా ఉంటుంది. తిరగేసి అంటించి, మైకు పాడైందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

స్పీకర్లు చెవి రంధ్రానికి ఎదురుగా రావాలి. వేలెడు పక్కకు జరిగితే సగం శబ్దం పోతుంది. హెల్మెట్ లోపల చెవుల దగ్గర గుంత ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. గుంత లేనిచోట స్పీకరు ఇరికిస్తే గంట తిరగకముందే చెవి మడత నొప్పి పుడుతుంది. స్పీకరు కోసం హెల్మెట్ లోపలి థర్మకోల్ పొరను చెక్కడం, డిప్ప మీద రంధ్రాలు వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పడినప్పుడు తలను కాపాడేది ఆ పొరే. చెక్కితే ఐఎస్ఐ గుర్తు ఉన్నా లేనట్టే.

దూరప్రయాణంలో మెత్తటి చెవి బిరడాలు పెట్టుకుంటే మాట ఇంకా స్పష్టంగా వినపడుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా నిజం. బిరడా గాలి హోరును, మాటను రెండిటినీ తగ్గిస్తుంది. స్పీకరు శబ్దం కొంచెం పెంచుకుంటే మాట పైకి తేలుతుంది, చెవి అలసిపోదు. పూర్తిగా శబ్దం ఆపేవి కాకుండా సన్నటి రకం తీసుకోండి. లారీ హారను వినపడాలి.

గొంతు వినగానే దానంతటదే ప్రసారం మొదలుపెట్టే వోక్స్ అనే ఏర్పాటు మీ సెట్లలో ఉంటే ఆపేయండి. గాలిని గొంతు అనుకుని అది ఛానెల్‌ను పట్టుకుని కూర్చుంటుంది. మిగిలినవాళ్లు ఎవరూ మాట్లాడలేరు. దానికి బదులు ఎడమ హ్యాండిల్‌కు, బొటనవేలికి అందేలా బటన్ కట్టించుకోండి. చేతి తొడుగు వేసుకుని చీకట్లో తడిమి చూసినా దొరకాలి. హారన్ బటన్‌తో పొరబడకూడదు. సెట్టును చేత్తో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకోవడం మానుకోవాలి. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ చేతిలో సంభాషణ పరికరం వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా రెండూ ఉంటాయి.

తీగల సంగతి కూడా చూసుకోండి. రెండు పిన్నుల ప్లగ్గు బండి వణుకుకు మెల్లగా వదులవుతుంది. ప్లగ్గు దగ్గర తీగను ఒక చుట్టు తిప్పి సెట్టుకు కట్టండి. హ్యాండిల్ బటన్ నుంచి, హెల్మెట్ నుంచి సెట్టుకు వచ్చే తీగల్లో, లాగితే సులభంగా ఊడే అతుకు ఒక్కొక్కటి ఉండాలి. పడినప్పుడు మనిషి ఒకవైపు, బండి ఒకవైపు పోవాలి. తీగ ఆ రెండిటినీ కట్టి ఉంచకూడదు. సెట్టును నడుము వెనక, వెన్నెముక మీద పెట్టుకోవద్దు. మెత్తటి సంచిలో, భుజం పట్టీ దగ్గర, యాంటెన్నా నిటారుగా ఉండేలా పెట్టుకుంటే దూరమూ పెరుగుతుంది. నడుము దగ్గర ఉంటే మీ శరీరమే తరంగాలను అడ్డుకుంటుంది.

చివరగా, మాట్లాడే పద్ధతి. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, మామూలు గొంతుతో మాట్లాడండి. అరిస్తే మాట పగిలిపోతుంది. నొక్కడంతోనే మాట్లాడితే మొదటి మాట పోతుంది. "ఆగొద్దు"లో "ఆగ" పోయి, మిగిలిన ముక్క ఎవరికి ఎలా అర్థమవుతుందో ఊహించండి. అందుకే ముందు ఎవరిని పిలుస్తున్నారో వారి పేరు, తర్వాత విషయం చెప్పాలి.

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోట వైపు పక్షులు చూడటానికి వెళతాం. 446 సెట్లు తీసుకెళ్లవచ్చా? — ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: నేలపట్టు దాకా నిరభ్యంతరంగా వాడుకోండి. శ్రీహరికోట రోడ్డు ఎక్కే ముందు మాత్రం సెట్లు ఆపి సంచిలో పెట్టేయండి. అది రాకెట్ కేంద్రం దారి. అక్కడ భద్రతా సిబ్బంది చెప్పిన మాటే వినాలి. ఆమోదం పొందిన సెట్టే అయినా వాళ్లతో వాదనకు దిగే చోటు కాదు. కొన్న రసీదు, ఈటీఏ వివరాలు ఫోనులో ఉంచుకుంటే ఎక్కడ అడిగినా చూపించవచ్చు.

ప్రశ్న: మే నెల ఎండకు సెట్టు బ్యాటరీ ఉబ్బింది. కొత్తది కొంటున్నాను. ఎండకూ వానకూ ఏం చూసి కొనాలి? — ఒక పాఠకుడు, కంభం

జవాబు: ఉబ్బిన బ్యాటరీని ఇక ఛార్జింగ్ పెట్టకండి, పొడవకండి, చెత్తలో పారేయకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. లిథియం బ్యాటరీకి ఎండే మొదటి శత్రువు. నల్లటి పెట్రోలు ట్యాంకు మీద, అద్దం కింద సంచిలో సెట్టును వదిలి భోజనానికి వెళ్లవద్దు. ఒంటి మీద నీడలో ఉంచుకోండి లేదా వెంట తీసుకెళ్లండి. ప్రయాణం ముందు రాత్రి ఛార్జింగ్ పెట్టండి. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో ఉంచండి.

వానకు ఐపీ అంకె చూడాలి. ఐపీఎక్స్4 అంటే చిలకరింపుకు ఓర్చుకుంటుంది, అంతవరకే. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చేరదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మధ్యలో వాయుగుండాలు. ఆ నెలల్లో తిరిగేవాళ్లు ఐపీ67 తీసుకోవాలి. ఒక మెలిక ఉంది. హెడ్‌సెట్ ప్లగ్గు మూత తీసి తీగ తగిలించగానే చాలా సెట్లకు ఆ రక్షణ పోతుంది. మరలతో బిగించే ప్లగ్గు ఉన్న రకం దొరికితే అదే మేలు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలిలో తిరిగి వచ్చాక ప్లగ్గు పిన్నులను పొడిగుడ్డతో తుడవండి. ఉప్పు పట్టిన పిన్నులు గరగర చప్పుడు చేస్తాయి.

ప్రశ్న: కొండల్లో 446 సెట్లు చాలవని మీరే అంటున్నారు. హామ్ రేడియో లైసెన్సు తీసుకుంటే ఉదయగిరి దుర్గం, భైరవకోన వైపు తిరిగేటప్పుడు ఎక్కువ శక్తి సెట్లు చట్టబద్ధంగా వాడుకోవచ్చా? — ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: వాడుకోవచ్చు. ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషం కలిగింది. హామ్ అంటే వృత్తిగా కాక ఇష్టంతో రేడియో నడిపేవారు. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాసి ఈ లైసెన్సు పొందవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు రెండు భాగాలుగా ఉంటాయి. ప్రవేశ స్థాయి రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ సంకేతాలు రానక్కర్లేదు. ఆ గ్రేడు వారికి వీయూ3తో, పై స్థాయి జనరల్ గ్రేడు వారికి వీయూ2తో మొదలయ్యే పిలుపు పేరు ఇస్తారు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండు ఈ హామ్‌లదే. కొండ అంచుల మీదుగా వంగి వెళ్లడంలో అది 446 కంటే కొంత నయం. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి ఈ విద్యను ప్రచారం చేస్తోంది, శిక్షణా ఇస్తోంది.

అయితే రెండు విషయాలు మరిచిపోవద్దు. మీ ఒక్కరికి లైసెన్సు ఉంటే చాలదు, బటన్ నొక్కి మాట్లాడే ప్రతి ఒక్కరికీ ఉండాలి. పిలుపు పేరు చెప్పకుండా మాట్లాడకూడదు. డబ్బు తీసుకుని యాత్రలు నడిపే పనికి దీన్ని వాడకూడదు కూడా. కేవలం బండి మీద కబుర్ల కోసం అయితే ఇంత శ్రమ అవసరం లేదు. తుపాను వచ్చి సెల్ టవర్లు కూలిన రోజు మీ ఊరికి మాట అందించగలగాలనే ఆలోచన కూడా ఉంటే ఇప్పుడే చదవడం మొదలుపెట్టండి. మన తీరానికి అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నా తక్కువే.

ప్రశ్న: మేము పది మందిమి. రెండే సెట్లు కొనగలం. ఒకటి ముందు బండికి సరే, రెండోది ఎవరికి ఇవ్వాలి? అందరిలో వేగంగా నడిపేవాడు అడుగుతున్నాడు. — ఒక పాఠకుడు, అద్దంకి

జవాబు: చివరి బండికి ఇవ్వండి. ఆ బండి మీద మీలో అందరికంటే నిదానస్తుడు, పంక్చర్ వేయడం తెలిసినవాడు ఉండాలి. ప్రథమ చికిత్స పెట్టె, గాలి పంపు కూడా అతని దగ్గరే పెట్టండి. తన ముందు ఎవరు ఆగినా అతను ఆగాలి, ఆగిన వెంటనే ముందు బండికి చెప్పాలి. ముందు బండివాడు ప్రతి ఊరు దాటాక "అందరూ వచ్చారా?" అని అడగాలి. జవాబు రాకపోతే నీడ ఉన్న మొదటి చోట రోడ్డు దిగి నిలబడాలి. వేగంగా నడిపేవాడిని వరసలో మూడో నాలుగో స్థానంలో ఉంచండి. బయలుదేరే రోజు ఉదయం మీ ఊరి చివర రెండు బండ్లూ కిలోమీటరు ఎడంగా ఆగి, ఇంజన్లు ఆన్‌లో ఉంచి, ఒకసారి మాట్లాడి చూసుకోండి.